అలెగ్జాండ్రియాను ఒక్క పూటలో ముగించడం ఎలా?

ఈజిప్టు వెళ్లొచ్చిన మనవాళ్లను అలెగ్జాండ్రియా ఎలా ఉందని అడిగి చూడండి. "అదీ అయిపోయింది" అంటారు, పరీక్షల ముందు సిలబస్ అయిపోయినట్టు. ఏం చూశారో చెప్పరు, ఎన్ని చూశారో చెబుతారు. ఆ స్థాయికి ఎదగాలనుకునేవారికి కొన్ని సూచనలు.

రాత్రి బస చేయొద్దు. కైరో నుంచి సుమారు 220 కిలోమీటర్లు. చీకటితో బయల్దేరి, పడుకునే వేళకు కైరో చేరిపోవాలి. సాయంత్రం చల్లబడ్డాక ఊరివాళ్లు కార్నీష్ అనే ఆ సముద్రపు ఒడ్డు రోడ్డు గోడమీద చేరి కబుర్లు చెప్పుకుంటారు. వాళ్లకేం, తీరిక. మనం సెలవు పెట్టి వచ్చినవాళ్లం, మనకెక్కడిది?

వైజాగ్‌ను వెంట తీసుకెళ్లండి. కార్నీష్ కనబడగానే "అచ్చం మన బీచ్ రోడ్డే" అనేయండి. ఇక చూసే పని ఉండదు.

లేనివాటి జాబితా రాసుకోండి. అన్నిట్లోకీ ముఖ్యమైనది ఇదే. క్రీ.పూ. 331లో అలెగ్జాండర్ పునాది వేసిన ఊరు కదా, ముందు ఆయన సమాధి ఎక్కడో అడగండి. ఎవరికీ తెలియదు. ఒకటి పోయింది. తర్వాత ఏడు వింతల్లో ఒకటైన ఫారోస్ దీపస్తంభం. 14వ శతాబ్దపు భూకంపాలకు అదీ కూలింది. ఆ చోటనే 1477లో మమ్లూక్ సుల్తాన్ ఖైత్‌బే కోట మొదలుపెట్టాడు. పాత స్తంభం రాళ్లు కొన్ని ఆ గోడల్లో ఉన్నాయంటారు. మూడువైపులా సముద్రం కొడుతున్న ఆ కోట ముందు నిలబడి, "అయితే లైట్‌హౌస్ లేదా?" అని పెదవి విరవాలి. ఐదొందల ఏళ్లుగా కళ్లెదుట ఉన్నదాన్ని, ఎన్నడో పోయినదాని కోసం తీసిపారేయడం అంత తేలిక కాదు, సాధన కావాలి.

ఆపైన ఈ ఊరి ప్రాచీన గ్రంథాలయం. రేవుకొచ్చిన ఓడల్లోని పుస్తకాలను అప్పట్లో ఈజిప్టును ఏలిన టాలెమీ రాజులు లాక్కుని, నకళ్లు రాయించి, అసలు తాము ఉంచుకుని నకలు తిరిగిచ్చేవారని గాలెన్ అనే ప్రాచీన వైద్యుడు రాశాడు. పుస్తకాలు అరువిచ్చిన వాళ్లెవరికైనా ఇలాంటి రాజులు నలుగురైనా తెలిసే ఉంటారు. వీళ్లు నయం, నకలైనా ఇచ్చారు. ఆ గ్రంథాలయమూ లేదు. 2002లో ప్రారంభించిన కొత్తది ఉంది. సముద్రం వైపు వాలిన గుండ్రటి కప్పు, దాని కింద అంచెలంచెలుగా దిగే చదువుల హాలు, వెలుపలి గ్రానైట్ గోడ నిండా రకరకాల లిపుల అక్షరాలు. మీరు గోడ దగ్గరే ఆగండి. 'అ' కోసం వెతకండి. దొరికినా దొరక్కపోయినా ఫొటో దిగండి. లోపల కుర్రాళ్లు కూర్చుని చదువుకుంటుంటారు. అందులో చూడ్డానికేముంది?

ఎగతాళి కాసేపు పక్కనపెడితే, దీని వెనక ఉన్నది భయం. ఇంత డబ్బు పోసి వచ్చాం, ఏదో ఒకటి తప్పిపోతుందేమోనన్న భయం. నాకూ ఉంది. మళ్లీ వస్తామో రామో తెలియని ఊళ్లో కూడా ఊరికే కాసేపు కూర్చుంటే దుబారా చేసినట్టే ఉంటుంది. చూశామన్న నమ్మకం మనకే చాలదు, అందుకే అన్ని ఫొటోలు.

పాంపే స్తంభం దగ్గర రోమన్ సేనాని పాంపే కథ చెప్పండి. దానికీ ఆయనకూ సంబంధం లేదు, డయోక్లీషియన్ చక్రవర్తి పేరిట నిలిపింది. ఆ సంగతి చెప్పబోయే మేనల్లుడికి ఐస్‌క్రీం కొనివ్వండి.

కోమ్ ఎల్ షొకాఫా భూగర్భ సమాధుల్లో పది నిమిషాలు చాలు. గోడమీద ఈజిప్టు దేవుడు అనూబిస్ రోమన్ సైనికుడి దుస్తుల్లో నిలబడి ఉంటాడు. ఇలాంటిది ఇంకెక్కడ దొరుకుతుందని ఆలోచిస్తే ఆలస్యమవుతుంది. 1900లో ఒక గాడిద గోతిలో పడితే ఈ చోటు బయటపడిందని చెబుతారు. హడావిడిగా దిగినవాళ్లందరిలో ఏదైనా కనిపెట్టింది ఆ గాడిదే.

తిండి. కొషరీ అని అన్నం, పప్పు, మాకరోనీ, శనగలు కలిపి, పైన వేయించిన ఉల్లిపాయలు చల్లి ఇస్తారు. ఆవకాయ కలుపుకుని "ఇప్పుడు బాగుంది" అనండి.

టాక్సీ. ఎక్కకముందే రేటు మాట్లాడుకోండి. ఇందులో వ్యంగ్యం లేదు.

కార్నీష్ దాటడం. హైదరాబాద్ వాళ్లకు సూచనలు అక్కర్లేదు.

గైడు పుస్తకం. మొదటి ప్రపంచయుద్ధకాలంలో రెడ్‌క్రాస్ పనిమీద ఇక్కడున్న ఇంగ్లిష్ నవలాకారుడు ఇ.ఎం. ఫార్స్టర్ ఈ ఊరికో గైడు రాశాడు, 1922లో వచ్చింది. ఎటు వెళ్లాలో అనుకోకుండా తిరగడమే ఊరు చూసే పద్ధతని అందులో ఆయన సలహా. కొన్నాళ్లకు గోదాము తగలబడి ప్రతులు పోయాయన్నారు, బీమా సొమ్మూ వచ్చింది. తర్వాత చూస్తే పుస్తకాలు క్షేమంగా ఉన్నాయట. సొమ్ము ముట్టింది కనుక వాటిని పనిగట్టుకుని తగలబెట్టారని ఫార్స్టరే చెప్పుకున్నాడు. ఊరికే తిరగమని చెప్పిన పుస్తకానికి పట్టిన గతి అది. ఆపై మీ ఇష్టం.