కర్పూరం మసి, గజంబద్ద

మా రోజుల్లో రైఫిల్ షూటింగ్ అంటే ఒక తుపాకీ, ఒక కన్ను, కింద పరుచుకోడానికి ఒక గోనెపట్టా. ఇప్పుడు రేంజికి వెళ్ళి చూడండి. కుర్రాడికి జాకెట్ తొడగడానికి వాళ్ళ నాన్న ఒక పక్క, బెల్టులు బిగించడానికి కోచ్ ఒక పక్క. పెళ్ళికొడుకును ముస్తాబు చేసినట్టే ఉంటుంది. ఎడమకంటికి అడ్డంగా తెల్లటి ప్లాస్టిక్ ముక్క, కుడికంటి ముందు తిప్పితే చిన్నదీ పెద్దదీ అయ్యే ఐరిస్, దానికో పసుపు ఫిల్టర్. ఇంత చేసి ఒక్క పెల్లెట్ కాల్చి, వెంటనే పక్కనున్న తెర చూస్తాడు. 9.8 అని పడిందా, మొహం మాడిపోతుంది.

దశాంశాలు మాకు బ్యాంకులో వడ్డీ లెక్కలకే తెలుసు. గీత తగిలిందా, పది. తగల్లేదా, తొమ్మిది. అభినవ్ బింద్రా 2008లో బీజింగ్‌లో బంగారు పతకం కొట్టినప్పుడూ, మన హైదరాబాద్ గగన్ నారంగ్ 2012లో లండన్‌లో కంచు తెచ్చినప్పుడూ మొదటి అరవై షాట్లకి నిండు అంకెలే, దశాంశాలు ఫైనల్లోనే. బింద్రా 596, నారంగ్ 598. పది మీటర్ల ఎయిర్ రైఫిల్లో పది అంటే అర మిల్లీమీటరు చుక్క, ఆవగింజ కంటే చిన్నది. దాన్ని అరవైలో యాభై ఎనిమిది సార్లు తాకినవాణ్ణి చూసి ఊరుకోకుండా, మరుసటి ఏడాది నుంచి తాకిన చోట మధ్యకు ఎంత దూరమో కూడా లెక్కేస్తామన్నారు. సరే, వాళ్ళ ఆట, వాళ్ళ ఇష్టం.

నాకు తుపాకీ పట్టడం నేర్పింది ఎన్.సి.సి. 1973, వరంగల్లో డిగ్రీ మొదటి సంవత్సరం. చీకటితోనే లారీ ఎక్కించేవారు. పాయింట్ టూటూ రైఫిల్, ఇరవై అయిదు గజాల రేంజి, మనిషికి అయిదు రౌండ్లు. మా ఉస్తాద్ పంజాబీ హవల్దారు. ఆయన హిందీ మాకు సగమే అర్థమయ్యేది, కానీ ‘శిస్త్’ అన్న మాట మాత్రం ఈనాటికీ చెవిలో ఉంది. శిస్త్ అంటే గురి చూడటం. కంటి దగ్గరి బ్యాక్‌సైట్ గాడి మధ్యలో గొట్టం చివరి ఫోర్‌సైట్ కొన నిలబడాలి, అటూ ఇటూ సమానంగా వెలుగు కనిపించాలి, ఆ కొన మీద టార్గెట్ నల్లచుక్క కూర్చోవాలి. అయిదు దెబ్బలూ రూపాయి బిళ్ళ కింద దాగేటట్టు కొట్టాను. అబద్ధం కాదు, రెండుసార్లు.

ఉస్తాద్ మొట్టమొదట చెప్పిందేమిటంటే, టార్గెట్‌ను చూడకు. అది ఎక్కడికీ పారిపోదు. ఫోర్‌సైట్ కొన చూడు. టార్గెట్ మసకగా కనిపిస్తే కనిపించనీ. ద్రోణుడు అడిగితే అర్జునుడు పిట్ట కన్ను కనిపిస్తోందన్నాడని చిన్నప్పటి నుంచీ చెబుతారు కదా. విల్లుకు ఫోర్‌సైట్ లేదు కాబట్టి సరిపోయింది. మా ఉస్తాద్ దగ్గర ఆ జవాబు చెప్పి ఉంటే గ్రౌండు చుట్టూ మూడు రౌండ్లు పరిగెత్తించేవాడు.

ఆయన మాటలో లెక్క ఉందని తర్వాత ఎయిర్ రైఫిల్ పట్టాక తెలిసింది. అందులో బ్యాక్‌సైట్‌కీ ఫోర్‌సైట్‌కీ మధ్య ఒక మూరెడు. తుపాకీ మొత్తం మిల్లీమీటరు పక్కకు జరిగితే దెబ్బ కూడా మిల్లీమీటరే జరుగుతుంది. అదే గాడిలో ఫోర్‌సైట్ కొన ఒక్కటే మిల్లీమీటరు పక్కకు పోయిందా, పది మీటర్ల అవతల రెండు సెంటీమీటర్లు తప్పుతుంది. టార్గెట్ మసకైనా ఫరవాలేదు, కొన మసకైతే కొంప మునుగుతుంది.

ఆ కొన మెరవకుండా మసి పట్టించేవాళ్ళం. దానికి కర్పూరం మసికి మించింది లేదు. మా అమ్మ దేవుడి దగ్గరి డబ్బాలోంచి రెండు బిళ్ళలు జేబులో వేసుకుని వెళ్ళేవాణ్ణి. గాలి రాకుండా అరచేయి అడ్డం పెట్టి వెలిగిస్తే పొగ నల్లగా జడలా లేస్తుంది. ఆ జడ మీద కొనను అటూ ఇటూ తిప్పితే ఇనుము కనిపించదు, బొగ్గుతో గీసిన గీత మిగులుతుంది. వేలు తగిలితే పోతుంది, మళ్ళీ మొదలు. ఇప్పటి పిల్లలు దీనికి కూడా డబ్బాలో స్ప్రే కొంటారు.

నలభై దాటాక చత్వారం వచ్చింది. ఆ మాటలోనే నలభై ఉంది చూడండి, చత్వారింశత్. మన పెద్దలు రోగానికి పేరుతో పాటు తేదీ కూడా వేసి పెట్టారు. పేపరు చదవడానికి అద్దాలు కొన్నాను, సరే అనుకున్నాను. కానీ రేంజిలో ఫోర్‌సైట్ కొనకు ఉన్నట్టుండి బూజు పట్టినట్టయింది. నేను ఎవరిని అనుమానించానో చెబితే నవ్వుతారు: తుపాకీని. ఆకురాయి తీసుకుని కొనను చదును చేశాను. కర్పూరం రెండింతలు చేశాను. బ్యాక్‌సైట్ గాడి ఇరుకుగా ఉందని మార్పించాను. మూడేళ్ళు ఆ ఇనుముతో పోట్లాడాను.

తప్పు దానిది కాదు. మూరెడు దూరంలో బ్యాక్‌సైట్, గజం దూరంలో ఫోర్‌సైట్, పది మీటర్ల దూరంలో టార్గెట్. కన్ను ఒకసారి ఒక్క దూరాన్నే పట్టుకోగలదు. కుర్రతనంలో కంటి కటకం మెత్తగా ఉండి మూడింటి మీదా తూనీగలా వాలి లేస్తుంటే, మూడూ ఒకేసారి కనిపిస్తున్నాయని భ్రమపడతాం. కటకం గట్టిపడ్డాక తూనీగ ఎగరదు.

చివరికి కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళాను. ఆయన దూరానికి ఒక నంబరు, చదవడానికి ఒక నంబరు రాశాడు. గజం దూరంలో ఉన్నది కనిపించాలంటే దేనికీ పనికిరావు. బైఫోకల్ వేసుకుంటే తల ఎత్తాలి. తల ఎత్తితే చెంప బట్‌ను వదిలేస్తుంది. రెండోసారి వెళ్ళేటప్పుడు బట్టల కొట్టు మిత్రుణ్ణి అడిగి గజంబద్ద పట్టుకెళ్ళాను, చివర ఒక మేకు కొట్టి. అద్దాలు పరీక్షించే అమ్మాయి ఆ బద్దనీ నన్నూ మార్చి మార్చి చూసి, ‘ఇంత దూరంలో పెట్టుకుని ఎవరూ చదవరండీ’ అంది. చదవడానికి కాదమ్మా, కాల్చడానికి అన్నాను. పాపం, కుర్చీ కొంచెం వెనక్కి జరుపుకుంది.

కానీ మంచి పిల్ల, ఓపిక పట్టింది. ఇనుప ఫ్రేమ్‌లో ఒక్కొక్క అద్దం వేసి తీసింది. దూరం నంబరుకు ప్లస్ అర కలపగానే మేకు తల అంచు కత్తితో కోసినట్టు వచ్చింది. గోడ మీది అక్షరాలు కొంచెం మెత్తబడ్డాయి, అంతే. మూడేళ్ళ ఆకురాయి పని అర పవర్‌తో పోయింది. ఆ ఒంటికన్ను అద్దం ఇంకా నా దగ్గరే ఉంది.

పీప్ సైట్‌కు మారిపో అన్నారు తోటివాళ్ళు. వెనక గాడి బదులు సన్నటి రంధ్రం, ముందు ఉంగరం, ఉంగరంలో నల్లచుక్క. అద్దాలు లేనప్పుడు పిడికిలి బిగించి చిన్న సందులోంచి చూస్తే అక్షరాలు తేరుకుంటాయి చూడండి, అదే కిటుకు. రంధ్రం సన్నబడితే దగ్గరదీ దూరందీ రెండూ ఒక మాదిరిగా కనిపిస్తాయి. ముసలికంటికి వరమే, కాదనను. నేను మాత్రం మారలేదు. ఎందుకంటే, మొండితనం. రాష్ట్ర పోటీల్లో ఓపెన్ సైట్‌కు వేరే విభాగం ఉందన్న ధీమా ఒకటి.

2024లో పారిస్ ఒలింపిక్స్ అప్పుడు మా మనవడు ఫోన్ తెచ్చి ఒక ఫోటో చూపించాడు. టర్కీ వాడు యూసుఫ్ దికెచ్, 51 ఏళ్ళు, మామూలు కళ్ళజోడు, ఒక చెయ్యి జేబులో, పిస్టల్ మిక్స్‌డ్ టీంలో రజతం. ‘తాతయ్యా, నీలాగే ఏ సామానూ లేకుండా కొట్టాడు!’ వారం రోజులు ఆ ఫోటో పెట్టుకుని రేంజిలో అందరినీ సాధించాను. ఎయిర్ పిస్టల్‌కు ఈనాటికీ గాడీ, కొనే. మన ఈషా సింగ్ చూసేదీ వాటినే. అయితే నా వయసు యాభై ఒకటి కాదన్న సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు.

రెండేళ్ళ క్రితం కుడికంటికి శుక్లం తీశారు. కట్టు విప్పాక చూస్తే టార్గెట్ కాగితం తెల్లగా ఉంది! ఇన్నాళ్ళూ నేను పాత పుస్తకం లాంటి పసుపు కాగితం మీద కాల్చాను కాబోలు. కానీ లోపల పెట్టిన కటకం దూరానికే బిగించింది, అంగుళం కదలదు. మళ్ళీ గజంబద్ద, మళ్ళీ మేకు. ఈసారి అమ్మాయి వేరే, కుర్చీ జరపడం అదే.

మొన్న శనివారం పక్క లేన్ కుర్రాడు నా రైఫిల్ అడిగాడు. చెంప ఆనించి, ‘మూడూ క్లియర్‌గా కనిపిస్తున్నాయి తాతగారూ’ అన్నాడు. పది కాల్చాడు. ప్రతి షాట్‌కీ తల తిప్పి తెర కోసం వెతికాడు. నా లేన్‌లో తెర లేదు, తాడు మీద నడిచే కాగితమే. తిరిగొచ్చిన కాగితం మీద డెబ్బై ఒకటి. నేను ఎనభై నాలుగు కొట్టాను. అయిదు నిమిషాలు మాట్లాడకుండా ఉండి, ఆ మసి ఎలా పట్టిస్తారో చూపించమన్నాడు.

చూపించాను. వాడికి చేతకాక నాలుగు బిళ్ళలు తగలేశాడు. సాయంత్రం దీపం పెట్టే వేళకు లోపలి నుంచి మా ఆవిడ గొంతు: ‘ఏమండీ, కర్పూరం డబ్బా మళ్ళీ ఖాళీ అయిందేమిటి?’