విప్పినవన్నీ మళ్లీ బిగించి

మా మేనల్లుడు అమెరికా వెళ్తూ మా బాల్కనీలో వదిలిపోయిన ఆస్తి ఒక మౌంటెన్ బైక్. 21 గేర్లు, ముందు ఫోర్కులో స్ప్రింగులు, మొసలి వీపులాంటి టైర్లు. ఉప్పల్‌లో మా ఇంటికీ, తార్నాకలో మా ఆఫీసుకీ మధ్య కొండ అనదగ్గది ఏదీ లేదు, స్పీడ్ బ్రేకర్లను వదిలేస్తే. అయినా పెట్రోలు బిల్లు చూసి, ఆ పైన నా పొట్ట చూసి, మా ఆవిడ దాన్ని నాకు ఖాయం చేసింది.

ఎండాకాలం ఎలాగో గడిచింది. చిక్కంతా వానలతోనే. మడ్‌గార్డు లేని సైకిలు మీద జూలైలో హబ్సిగూడ దాటి చూడండి, వెనక చక్రం రోడ్డు మీది బురదంతా ఎత్తి చొక్కా మీద నడుము నుంచి మెడ దాకా నిలువుగా ఒక చార గీస్తుంది. ఆఫీసులో ఎదురొచ్చినవాళ్లు మర్యాదగా నమస్కారం పెడతారు, దాటాక నవ్వుతారు. వాన వెలిసినా సుఖం లేదు. మెట్రో వంతెన మీంచి నీళ్లు కారుతూనే ఉంటాయి.

అసలు దీనికి మడ్‌గార్డు ఎందుకు లేదంటే, ఆ పాపం 1970ల నాటి కాలిఫోర్నియా కుర్రాళ్లది. మారిన్ కౌంటీలో వాళ్లు 1930ల కాలపు ష్విన్ సైకిళ్లు సంపాదించి, మడ్‌గార్డులూ గట్రా పీకి పారేసి, కొండ మీంచి మట్టిదారిలో పడుతూ లేస్తూ దిగేవారు. 1976లో పందేలు కూడా మొదలుపెట్టారు. పెడలు వెనక్కి తొక్కితే పడే బ్రేకులవి. కిందికి చేరేసరికి హబ్బులో గ్రీజు కాలి పొగలొచ్చేవి. సరదాగానే ఉండి ఉంటుంది. పదింటికల్లా వేలిముద్ర వేసే పని వాళ్లకు లేదు కదా! వాళ్లు ఊరికే పారేసినవాటిని ఇప్పుడు నేను డబ్బిచ్చి ఒక్కొక్కటే కొనుక్కోవాలి.

ముందు టైర్లు. కొట్టువాడు “26 సైజే కదా” అని ఒక జత చేతిలో పెట్టాడు. రిమ్ము మీద కూర్చోలేదు. 26 × 1⅜ అయితే కూర్చునే చోట వ్యాసం 590 మిల్లీమీటర్లు, నాది 559. అదేం లెక్కయ్యా అంటే మెకానిక్ నవ్వాడు. “అది ఇంగ్లీషోళ్ల ఇరవై ఆరు, ఇది అమెరికోళ్లది సార్.” చివరికి నున్నటి 26 × 1.5 దొరికాయి. అంతకుముందు తారు రోడ్డు మీద నేను వస్తుంటే ట్రాక్టరొస్తోందని జనం తప్పుకునేవారు; ఆ గౌరవం పోయింది.

తర్వాత మడ్‌గార్డు. “గీ స్ప్రింగు ఫోర్కుకు యాడ బిగియ్యాలె సార్? బొక్కనే లేదు!” అంటూనే బైండింగ్ వైరూ, పాత ట్యూబు ముక్కా తీసి కట్టేశాడు. బ్రేకు రబ్బర్లు మాత్రం కొత్తవేసినా వాటి ధోరణి వాటిదే. తడిసిన రిమ్మును ముందు శుభ్రంగా తుడిచి, ఆ తర్వాతే పట్టుకుంటాయి. ఈలోపు ముందున్న ఆటో ఆగిపోయి ఉంటుంది.

నానక్‌రామ్‌గూడ వైపు ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ తెరిచారు. పైన సోలార్ పలకల కప్పు, ఎండా వానా పడవు. అక్కడ తడవకుండా తొక్కాలంటే నేను ముందు ఊరంతా తడిసి వెళ్లాలి.

ఇక క్యారియరూ బెల్లూ మిగిలాయి. అవి అడగబోతుండగా ఒక కుర్రాడు వాళ్ల నాన్న పాత సైకిలు తోసుకుంటూ వచ్చాడు. “అన్నా, క్యారియరు, బెల్లు, మడిగార్డులు అన్నీ పీకెయ్యి. మౌంటెన్ బైక్ లెక్క కొట్టాలె.” మెకానిక్ అతని సైకిలు వైపూ నా సైకిలు వైపూ చూసి, స్పానరు తీశాడు. విప్పినందుకు వాడి దగ్గరా, అవే బిగించినందుకు నా దగ్గరా మజూరీ తీసుకున్నాడు. సామాన్ల ధర వేరే.