ఉత్త బిళ్ళ ఆత్మకథ

ఔషధ మొక్కల సారానికి సూక్ష్మజీవులను అణచే శక్తి ఉన్నదో లేదో తేల్చే పరీక్షలో, ఏ మందూ అంటకుండా కేవలం ద్రావణిలో తడిసి ఆరిన వడపోత కాగితపు ముక్కను ఉత్త బిళ్ళ అనవచ్చు. ఇక్కడ తన చరిత్ర చెప్పుకొంటున్నది అదే. అయితే కొలతల పుస్తకంలో ఎవరూ తమ గురించి తాము రాసుకోరు గనుక, అదీ తన్ను 'ఈ బిళ్ళ' అనే పేర్కొంటున్నది.

ఈ బిళ్ళ వ్యాసం 6 మి.మీ. ఒకే కాగితం నుంచి దీనితో పాటు తెగిన తోడబుట్టినవి మూడు. వేపాకును నీడన ఎండబెట్టి, పొడి చేసి, ఆల్కహాలులో నానబెట్టి, వడగట్టి, ఆ ఆల్కహాలును ఆవిరి చేయగా మిగిలిన జిగట ముద్దను మళ్ళీ ద్రావణిలో కరిగించి ఒకదానిపై చుక్కలుగా వేశారు. రెండవదానికి అదే తీరున తీసిన పసుపు సారం, మూడవదానికి 10 మైక్రోగ్రాముల జెంటామైసిన్ దక్కాయి. ఈ బిళ్ళకు దక్కింది అంతే పరిమాణంలో వట్టి ద్రావణి.

నాలుగింటినీ పెట్రీ పళ్ళెంలో, సముద్రపు ఎర్ర నాచు నుంచి తీసే అగర్‌తో గడ్డకట్టిన 4 మి.మీ. మందపు పోషక పదార్థంపై ఉంచారు. మిల్లీలీటరుకు సుమారు 15 కోట్ల కణాలున్న ద్రవంతో, చీముగడ్డలకు కారణమయ్యే స్టాఫిలోకాకస్ ఆరియస్‌ను దానిపై ముందే పూశారు. 35 డిగ్రీల వెచ్చదనంలో 16 నుంచి 18 గంటలు గడిచేసరికి బాక్టీరియా తెల్లని పొరగా అలుముకొంటుంది. బిళ్ళలోని పదార్థం అగర్‌లోకి ఊరి, బాక్టీరియాను పెరగనీయని మేర మాత్రం తేటగా మిగులుతుంది. ఆ తేట భాగమే నిరోధ వలయం.

వలయం ఎంత వెడల్పయితే మొక్క అంత శక్తిమంతమని చాటడం తొందరపాటు. పసుపులోని కర్క్యుమిన్ నీటిలో దాదాపు కరగదు, అందువల్ల అగర్‌లో పెద్దగా పాకదు. దాని వలయం చిన్నదైతే అది శక్తిలేమికే గుర్తు కానక్కరలేదు. మరోవైపు, వేపసారం ఒక్క మిల్లీగ్రాము వేసినా అది జెంటామైసిన్‌కు నూరు రెట్ల బరువు; సారంలో అనేక పదార్థాలు కలిసి ఉంటాయన్నది నిజమే అయినా, రెండు వలయాలను పక్కపక్కన పెట్టి 'వేప యాంటీబయాటిక్‌తో సమానం' అనడం చెల్లదు. 1966లో బావర్, కిర్బీ, షెర్రిస్, టర్క్ ఈ పద్ధతిని క్రమబద్ధం చేసింది మోతాదు తెలిసిన శుద్ధ యాంటీబయాటిక్‌ల కోసం, ఆకుల ముద్దల కోసం కాదు. సారాల విషయంలో నమ్మదగిన కొలత కనిష్ఠ నిరోధక గాఢత, అంటే కంటికి కనిపించే పెరుగుదలను ఆపగల అతి తక్కువ గాఢత. దానికి వేరే పరీక్ష కావాలి.

ఇక ఈ బిళ్ళ పని ఏమీ చేయకపోవడమే. దీని చుట్టూ వలయం ఏర్పడితే, బాక్టీరియాను ఆపినదాంట్లో ద్రావణికీ వాటా ఉన్నట్టే గనుక, వేపకు వచ్చిన పేరు అనుమానంలో పడుతుంది. ఉత్త బిళ్ళ లేని పరీక్షను, ఎంత పెద్ద వలయం చూపినా, లెక్కలోకి తీసుకోకూడదు.

కొలతలయ్యాక పళ్ళేన్ని బిళ్ళలతో సహా 121 డిగ్రీల ఆవిరిలో పావుగంట ఉంచి పారవేస్తారు. వలయాన్ని బిళ్ళతో కలిపి కొలవడం ఆచారం గనుక, పుస్తకంలో దీని వరుసలో మిగిలిన అంకె 6 మి.మీ.; అది దీని సొంత వ్యాసమే.