తొలి విడత, తుది విడత, బావమరిది విడత

ఇంజనీరింగ్ ప్రవేశాల కౌన్సెలింగ్‌ను ప్రభుత్వం తొలి విడత, తుది విడత, స్పాట్ అడ్మిషన్లు అని ప్రకటిస్తున్నప్పటికీ, కృష్ణా జిల్లా మెట్టలో, అనగా 2022 ఏప్రిల్‌లో ఎన్టీఆర్ జిల్లా కిందికి వెళ్లిన జగ్గయ్యపేట, నందిగామ పరిసరాల్లో, వీటన్నిటికంటె ముందే ఒక విడత ముగిసిపోతుంది. పెనుగంచిప్రోలులో తిరుపతమ్మ తిరునాళ్ల సందడి నాటికి, పిల్లవాడు ఇంకా ప్రాక్టికల్ రికార్డు మీద సంతకాల కోసం తిరుగుతుండగానే, కాలేజీ పీఆర్వో, అంటే సీట్లు నింపే భారం మోసే మర్యాదస్తుడు, ఇంటికి వచ్చి మేనేజ్‌మెంట్ కోటాలో, అనగా ప్రభుత్వ కౌన్సెలింగ్ నడిపే కన్వీనర్‌కు ఇచ్చే 70 శాతం పోగా యాజమాన్యం చేతిలో మిగిలే 30 శాతంలో, సీటు బ్లాక్ చేసుకోమని, ఈ రాయితీ రేపు ఉండదని చెబుతాడు. మిర్చిని కోల్డ్ స్టోరేజీలో పెట్టి ధర కోసం నెలల తరబడి నిబ్బరంగా కూర్చోగల రైతు ఈ ఒక్క విషయంలో సాయంత్రానికే అడ్వాన్సు ఇచ్చేస్తాడు. అమెరికాలోనూ ఎర్లీ డెసిషన్ అనే ముందస్తు పద్ధతి ఉంది. నవంబరులోనే ఒక్క కాలేజీకి మాట ఇచ్చి, సీటు వస్తే మిగతా దరఖాస్తులన్నీ వెనక్కు తీసుకోవాలి. అక్కడ విద్యార్థి మాటకు కట్టుబడతాడు, ఇక్కడ అడ్వాన్సు కాలేజీకి కట్టుబడుతుంది.

కన్వీనర్ కోటాకు వచ్చేసరికి అసలు పాండిత్యమంతా వెబ్ ఆప్షన్ల దగ్గర, అనగా కాలేజీలనూ బ్రాంచీలనూ ఇష్టమైన వరుసలో నమోదు చేసే చోట, బయటపడుతుంది. రిజర్వేషన్లకు లోబడి కంప్యూటరు ర్యాంకుల క్రమంలో ఒక్కొక్కరి జాబితానూ పైనుంచి చదువుతూ, ఖాళీ ఉన్న మొదటి సీటు కేటాయిస్తుంది గనుక, అందని కాలేజీని పైన రాసినంత మాత్రాన అందేది చేజారదు. సూత్రం ఇంత సులభమైనా నందిగామ నెట్ సెంటరులో దానిని నమ్మేవారు అరుదు. "వచ్చేది ముందు పెట్టండి, రానివి ఎందుకు దండగ" అని పెదనాన్న తీర్మానించడంతో, పురుగుమందుల కంపెనీ క్యాలెండరు వెనుక పిల్లవాడు రాసుకొచ్చిన వరుస తలకిందులవుతుంది. కంచికచర్ల అయితే ఇంటి నుంచే వెళ్లి రావచ్చునని తల్లి ఒక కాలేజీ కోడును పైకి జరిపిస్తుంది, వెనుక వరుసలో నిలబడినవారు అడగకుండానే మరొకదానిని కిందికి దింపుతారు. మార్పుల గడువు ముగిసి ఆప్షన్లు ఫ్రీజ్ అయిన, అనగా ఇక కదపడానికి వీల్లేకుండా ఖరారైన, మరుక్షణం హైదరాబాదు నుంచి తండ్రి బావమరిది ఫోన్ చేసి, "బావా, సీఎస్‌ఈ పైన పెట్టారా లేదా?" అని, అనగా కంప్యూటర్ సైన్స్ బ్రాంచీ గురించి, అడుగుతాడు. ఈ బావమరిది విడత నోటిఫికేషన్‌లో కనిపించదు గాని, ఏ ఏడూ రద్దయిన దాఖలా లేదు.

తుది విడత నిబంధన మరింత కఠినం. మళ్లీ ఆప్షన్లిచ్చినవారికి కొత్త సీటు వచ్చిందంటే పాతది దానంతటదే పోతుంది, తిరిగి అడిగే హక్కు ఉండదు. "ఊరికే పెట్టి చూద్దాం, పోయేదేముంది" అనే గుణం గల కుటుంబాలకు సరిగ్గా ఆ ఊరికే పెట్టిన కాలేజీయే, జిల్లా అవతల, హాస్టల్ ఖర్చుతో సహా తగులుకుంటుంది. ఆ మాట మొదట అన్నదెవరనే విచారణ సంక్రాంతి దాకా విడతలవారీగా సాగుతుంది.