పంతులుగారూ, వన్ మోర్!

మా చెల్లెలి రెండో అమ్మాయికి సంబంధం కుదిరింది. లగ్నపత్రిక రాయలేదు, కల్యాణమండపం దొరకలేదు, వంటవాళ్ళతో మాట్లాడలేదు. అయినా మొన్న ఆదివారం తెనాలిలో మా బావగారింట్లో అత్యవసర సమావేశం పెట్టారు. ముచ్చటించాల్సింది ఒక్కటే: వీడియో ఎవరికిద్దాం?

"అసలు ఇవ్వాలా వద్దా అన్నది ముందు తేల్చుకుంటే?" అన్నాను.

తాళి కట్టించాలా వద్దా అని అడిగినట్టు చూశారందరూ. పెళ్ళికూతురే ముందు తేరుకుంది.

"వీడియో లేకపోతే పెళ్ళయినట్టు ఎవరికి తెలుస్తుంది మామయ్యా?"

"వచ్చిన ఎనిమిదొందల మందికీ తెలుస్తుంది. అగ్నిహోత్రుడికి తెలుస్తుంది."

"ఆయనకి ఇన్‌స్టా అకౌంట్ లేదుగా!"

నిజమే. అగ్నిసాక్షిగా జరిగిన పెళ్ళిళ్ళ కాలం వెళ్ళిపోయింది. సాక్షికి కూడా కనీసం పదివేలమంది ఫాలోయర్లు ఉండాలి.

నేను ఆ ప్రశ్న ఊరికే వేయలేదు. రెండేళ్ళ కిందట పెద్దమ్మాయి పెళ్ళిలో నాకు జ్ఞానోదయమైంది. మేనమామను కదా, పెళ్ళికూతుర్ని బుట్టలో కూర్చోబెట్టి మండపానికి మోసుకురావడం నా హక్కు. నా మోకాళ్ళకు మాత్రం అది పరీక్ష. తలో చెయ్యి వేసి నలుగురం బుట్ట ఎత్తాం. పట్టుచీర, వడ్డాణం, పూలజడతో సహా పిల్లని మోసుకుంటూ మెట్లదాకా వచ్చాం. నల్లచొక్కా కుర్రాడొకడు చెయ్యి అడ్డం పెట్టాడు.

"అంకుల్, సూపర్! ఎక్స్‌ప్రెషన్ ఒక్కటే రాలేదు. వెనక్కెళ్ళి మళ్ళీ రండి, ఈసారి నవ్వుతూ."

మూడుసార్లు తెచ్చాం. మూడోసారి నవ్వాను, ఇక బుట్ట దించొచ్చన్న సంతోషంతో.

ముహూర్తం రాత్రి 2 గంటల 47 నిమిషాలకి. సిద్ధాంతిగారు తారాబలం, చంద్రబలం చూసి, లగ్నశుద్ధి చూసి, నిమిషంతో సహా గీసి ఇచ్చిన ముహూర్తం. సరిగ్గా ఆ నిమిషానికి వధూవరులు ఒకరి నెత్తిన ఒకరు జీలకర్ర బెల్లం పెట్టుకోవాలి. మన పెళ్ళికి అదే ప్రాణం. 2.47 అయింది. గట్టిమేళం మోగింది. వెంటనే ఒక గొంతు దాన్ని మించి మోగింది.

"పంతులుగారూ, వన్ మోర్! అమ్మాయి చెయ్యి అబ్బాయి మొహానికి అడ్డమొచ్చింది."

పంతులుగారు నావైపు చూశారు. నేను బావగారివైపు చూశాను. బావగారు కెమెరావైపు చూసి నవ్వారు. గట్టిమేళం ఇంకో రెండుసార్లు మోగింది. మా పిల్ల పెళ్ళి 2.47కి జరిగిందో, 2.51కి జరిగిందో, 2.54కి జరిగిందో సిద్ధాంతిగారు కూడా చెప్పలేరు. రేపెప్పుడైనా ఆలుమగలు పోట్లాడుకుంటే గ్రహాల్ని ఆడిపోసుకోకండి. ఏ టేకు ఓకే అయిందో కనుక్కోండి.

శ్రీరామనవమికి భద్రాచలంలో అభిజిల్లగ్నంలో కల్యాణం జరుగుతుంది. టీవీ కెమెరాలు అక్కడా ఉంటాయి. "స్వామీ, సీతమ్మవారిని కొంచెం ఇటు తిప్పండి" అని ఎవరూ అనరు. ఆయన ఏడాదికోసారి చేసుకుంటాడు కాబట్టి రీటేకు అక్కర్లేదేమో. ఒక్కసారే చేసుకునేవాళ్ళకే మూడు టేకులు కావాలి.

ఆ అడ్డుతెర సంగతి కూడా చెప్పాలి. ముహూర్తందాకా పిల్లా పిల్లాడూ ఒకరినొకరు చూసుకోకూడదని మధ్యలో పట్టుకునే తెర అది. నేనూ ఒక కొస పట్టుకున్నాను. తెరకు అటూ ఇటూ కూర్చున్న ఆ ఇద్దరూ నెల కిందటే గండికోట అంచున, కింద పెన్న, పైన డ్రోను, మధ్యన ముప్ఫై అడుగుల గౌను తోకతో, ఒకరి కళ్ళలో ఒకరు పూటంతా చూసుకుని వచ్చినవాళ్ళు. దాన్ని ప్రీవెడ్డింగ్ షూట్ అంటారు. ఆ సినిమాని ముహూర్తానికి గంట ముందు మండపం పక్కన ఎల్.ఇ.డి. గోడ మీద అందరికీ వేశారు కూడా. తెర తీసేటప్పుడు మాత్రం "ఫస్ట్ టైం చూస్తున్నట్టు షాకవ్వాలి మేడమ్" అన్నాడు నల్లచొక్కా. పాపం, పిల్ల అయింది.

హోమం దగ్గర ఇంకో ముచ్చట. "పంతులుగారూ, పొగ ఎక్కువైంది, ఫ్రేమ్ మసకేస్తోంది, తగ్గించండి" అన్నారు. నెయ్యి తగ్గించారు. పొగ తగ్గింది. పావుగంట తర్వాత దండలు మార్చుకునే ఘట్టానికి మిషను పెట్టి మండపమంతా పొగ వదిలారు. మొదటి పొగ దక్షిణతో వస్తుంది, రెండోదానికి ప్యాకేజీలో విడిగా రేటుంది. దేవుడు ఏ పొగకి దిగివస్తాడో ఎవరూ అడగలేదు.

తర్వాత అరుంధతీ దర్శనం. సప్తర్షి మండలంలో వసిష్ఠుడి పక్కన మినుకుమినుకుమంటూ ఉండే చిన్న నక్షత్రం. పగటి పెళ్ళిళ్ళలో ఎండలోకి తీసుకెళ్ళి "కనిపించిందా?" అంటే "కనిపించింది" అని అబద్ధమాడిస్తారు. కొత్త కాపురానికి అదే మొదటి అబద్ధం. మాది రాత్రి ముహూర్తం కదా, పంతులుగారు నిజంగానే చూపిద్దామని ఆరుబయటకి తీసుకెళ్ళారు.

"కనిపించిందా తల్లీ?"

"కనిపించింది పంతులుగారూ, ఎర్రగా ఉంది, కదులుతోంది కూడా."

డ్రోను.

పెళ్ళి చూడడానికి వచ్చినవాళ్ళ గతి ఏమిటంటే, మండపం ముందు ఎనిమిది వీపులు నిలబడ్డాయి. ట్రెడిషనల్ వాళ్ళు ఇద్దరు, క్యాండిడ్ వాళ్ళు ఇద్దరు, సినిమాటిక్ ఒకడు, లైట్లు పట్టుకునేవాళ్ళు ఇద్దరు, రీల్స్‌కి సెల్‌ఫోనుతో ఇంకొకడు. ఎనిమిదొందల మందికి కనబడింది ఆ ఎనిమిది వీపులే. భీమవరం నుంచి కారు కట్టించుకుని వచ్చిన మా పెద్దత్తయ్య, పాతికడుగుల దూరంలో జరుగుతున్న పెళ్ళిని తెరమీద చూసి వెళ్ళింది. ఆమెకంటే డల్లాస్‌లో సాయంత్రం నాలుగింటికి సోఫాలో పడుకుని లైవ్ చూసిన మా తమ్ముడు నయం అనుకున్నాను. తీరా వాడికీ సగమే దక్కిందట. మేళంవాళ్ళు ఉషారుగా ఒక సినిమా పాట ఎత్తుకోగానే యూట్యూబ్ పసిగట్టి లైవ్ ఆపేసింది. మన కాపీరైటు చట్టమైతే పెళ్ళి ఊరేగింపులో, వేడుకల్లో పాటలు వాయించుకోనిస్తుంది. చట్టానికున్న పాటి పెళ్ళిపెద్దరికం యంత్రానికి ఎక్కడిది?

ఇంతకీ ఈ క్యాండిడ్ అంటే ఏమిటని అడిగాను. మనకు తెలియకుండా, మనం మనలా ఉన్నప్పుడు తీసే ఫొటో అట. బాగుందనుకున్నాను. అంతలో ఆ కుర్రాడే వచ్చి, "అంకుల్, మీరూ ఆంటీ ఏదో మాట్లాడుకుంటూ పకపకా నవ్వండి, క్యాండిడ్ తీస్తాను" అన్నాడు. ముప్ఫై ఏళ్ళ కాపురంలో మేమిద్దరం మాట్లాడుకుంటూ పకపకా నవ్విన సందర్భం అదొక్కటే. ఆధారం ఉంది, ఆల్బంలో పద్నాలుగో పేజీ.

అక్షింతలు వేయడానికి వరసలో నిలబడ్డవాళ్ళు కూడా తెలివిమీరారు. చెయ్యి పెళ్ళికొడుకు నెత్తిమీద, చూపు కెమెరామీద. దీవెన ఎవరికి తగిలిందో దేవుడికెరుక. వీడియోగ్రాఫర్లు మాత్రం పదికాలాలు చల్లగా ఉంటారు.

అప్పగింతల దగ్గర మా బావగారు నిజంగానే ఏడ్చేశారు. ఆయన ఏడవగా చూడడం నాకు అదే మొదటిసారి. "అంకుల్, లైట్ సెట్ కాలేదు, ఒక్క నిమిషం ఆపుకోండి" అన్నాడు నల్లచొక్కా. మర్యాదస్థుడు, ఆపుకున్నారు. లైటొచ్చింది, కన్నీళ్ళు రాలేదు. చివరికి వంటవాళ్ళ లెక్క ఎంతయిందో నేను చెవిలో చెప్పాల్సి వచ్చింది. ఆ ఏడుపుకి ఇప్పుడు వయొలిన్ పెట్టారు, చూసినవాళ్ళంతా కళ్ళు తుడుచుకుంటున్నారు.

ఇంత చేస్తే చేతికి వచ్చిందేమిటి? లెక్క కడదాం. 4కె వీడియో సెకనుకి 100 మెగాబిట్లనుకుంటే గంటకు 45 గిగాబైట్లు. నాలుగు కెమెరాలు, పదిగంటలు, మొత్తం 1800 గిగాబైట్లు. అందులోంచి మనవాళ్ళు నలుగురికీ పంపేది 4 నిమిషాల హైలైట్సు. అందులో 3 నిమిషాలు స్లోమోషను. సెకనుకి 120 ఫ్రేములు తీసి 24 చొప్పున చూపిస్తే ఒక సెకను 5 సెకన్లు సాగుతుంది. అంటే ఆ 3 నిమిషాల్లో అసలు జరిగింది 36 సెకన్లు. మిగతా నిమిషం కలిపితే 96 సెకన్లు. మూడున్నర లక్షలకి మూడురోజుల పెళ్ళిలోంచి 96 సెకన్లు కొనుక్కున్నాం. బిల్లు అడిగితే 18 శాతం జి.ఎస్.టి. అదనం అన్నారు. బావగారు బిల్లు మీద మోజు చంపుకున్నారు.

అవైనా ఎప్పుడొచ్చాయి? ఫోను చేసినప్పుడల్లా "మీరు ఇంకా సెలక్షన్ ఇవ్వలేదు సార్" అనేవారు. ఆరువేల ఫొటోల్లోంచి మూడొందలు మనమే ఏరి పంపాలట. కొత్త జంట ఏరడానికి కూర్చున్న ప్రతిసారీ, ఎవరివైపు ఫొటోలు ఎక్కువయ్యాయన్న తగువుతో లేచేవారు. ఆల్బం వచ్చేసరికి మనవడి బారసాల అయింది. ఈలోగా మా పిల్ల ఫొటోలు ఆ స్టూడియో ప్రకటనల్లో ఊరంతా చూసింది. నిజానికి 1957 కాపీరైటు చట్టం 17వ సెక్షను ప్రకారం డబ్బిచ్చి తీయించుకున్నవాడిదే తొలి హక్కు, వేరే ఒప్పందం లేకపోతే. ఆ వేరే ఒప్పందం అడ్వాన్సు రసీదు వెనక చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది. కట్నకానుకల దగ్గర నయాపైసా వదలని మా బావగారు దాని మీద కళ్ళజోడు లేకుండా సంతకం పెట్టారు.

ఇప్పుడా నల్లచొక్కా కుర్రాణ్ణి తిడితే సరిపోతుందా? వాడు సాయంత్రం నాలుగింటికి వచ్చి మర్నాడు ఎండెక్కాక వెళ్ళాడు. నడుముకి బెల్టు, భుజాన పది కిలోల బరువు. ఆఖరి బంతిలో అందరూ లేచాక చల్లారిన పులిహోర తిన్నాడు. మిగతా డబ్బు కోసం మా బావగారి చుట్టూ నాలుగు నెలలు తిరిగాడు. "వన్ మోర్" అనే అధికారం వాడు ఎవరి దగ్గరా గుంజుకోలేదు. పంతులుగారు మనవైపు చూసినప్పుడు మనం కెమెరావైపు చూశామే, అదిగో అక్కడ ఇచ్చేశాం. జ్ఞాపకం కోసం వీడియో పెట్టుకున్నాం. ఏ క్షణాన్ని జ్ఞాపకం ఉంచుకోవాలో దాన్నే ఆపి పక్కన నిలబెట్టాం. కొండనాలుకకి మందేస్తే ఉన్ననాలుక ఊడడమంటే ఇదే.

మా చెల్లెలి పెళ్ళికీ వీడియో ఉంది, 1994లో. వి.హెచ్.ఎస్. క్యాసెట్టు, మూడు గంటలు. తీసినాయనకి కళ అంటే ఏమిటో తెలియదు. హాలోజన్ లైటు మొహాన కొడితే పెళ్ళికొడుకు దొంగలా కళ్ళు చికిలించాడు. మిక్సింగులో మా చెల్లెలు గులాబీపువ్వులోంచి పుట్టింది, బావగారు హృదయాకారంలో గిర్రున తిరిగి స్విట్జర్లాండ్ కొండల మీద వాలారు. మేమంతా నవ్వుకున్నాం. ప్లేయరు పాడైంది. 2016లో జపాన్ కంపెనీ ఫునాయ్ వి.సి.ఆర్.లు చేయడమే మానేసింది. తంజావూరు సరస్వతీ మహల్లో తాళపత్రాలు ఈనాటికీ చదువుకోవచ్చు, ముప్ఫై ఏళ్ళ క్యాసెట్టుకి మాత్రం బూజు పట్టింది. పోయినేడు విజయవాడలో ఒకాయన చేత తుడిపించి, పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకొచ్చాం.

ఇంటిల్లిపాదీ కూర్చున్నాం. జీలకర్ర బెల్లం వచ్చింది, ఎవరో ఫోను చూసుకుంటున్నారు. తలంబ్రాలు వచ్చాయి, ఎవరో కాఫీకి లేచారు. తర్వాత భోజనాలొచ్చాయి. ఆ కళ తెలియనాయన ఏం చేశాడంటే, బంతి ఈ చివర మొదలుపెట్టి ఆ చివరిదాకా, ఒక్క విస్తరి వదలకుండా నడుచుకుంటూ వెళ్ళాడు. అప్పుడు లేచినవాళ్ళంతా వచ్చి కూర్చున్నారు. "అదుగో నాగులు బాబాయి!" "అమ్మో, పెద్దమ్మకి అప్పుడింకా పళ్ళున్నాయి!" ఆ వరసలో ఇప్పుడు సగానికి పైగా లేరు.

ఆఖరి బంతిలో మా అమ్మ. అందరికీ వడ్డించి అప్పుడే కూర్చున్నట్టుంది. లైటు మొహాన పడగానే ఎంగిలి చెయ్యి కిందకి దించి, ఎడమచేతిని మొహానికి అడ్డం పెట్టుకుని ఏదో అంది. "తీయొద్దు నాయనా" అని ఉంటుంది. వినబడదు, పైన మిక్సింగు పాట ఉంది. మొత్తం 4 సెకన్లు. అమ్మ పోయి పదిహేనేళ్ళయింది. కదిలే అమ్మ మాకు అంతే ఉంది. మా చెల్లెలు దాన్ని ఎన్నిసార్లు వెనక్కి తిప్పించిందో లెక్కపెట్టలేదు. తన మెడలో తాళి పడే ఘట్టం మళ్ళీ వెయ్యమని ఒక్కసారీ అడగలేదు.

పెద్దమ్మాయి 1800 గిగాబైట్లలో భోజనాలు ఎక్కడున్నాయని అడిగి చూశాను. ఉన్నాయి. డ్రోను పైనుంచి తీసింది. విస్తళ్ళు, తలకాయలు. బట్టతలల్ని బట్టి మనుషుల్ని పోల్చుకోవాలి.

మొన్నటి సమావేశానికి కొత్త స్టూడియో ఆయన ట్యాబు పట్టుకుని వచ్చాడు. సిల్వర్, గోల్డ్, ప్లాటినం. టీజరు, ట్రైలరు, హైలైట్సు. అన్నీ విన్నాక అడిగాను.

"ఒక్క మనిషి, ఒక్క కెమెరా. మండపం దరిదాపులకి రాకూడదు. మొదటి బంతి నుంచి ఆఖరి బంతిదాకా, కూర్చున్న ప్రతివాళ్ళనీ, వడ్డించేవాళ్ళతో సహా, మొహాలు కనబడేలా తీయాలి. పాట పెట్టకూడదు, వాళ్ళ మాటలే ఉండాలి. ఇది ఏ ప్యాకేజీలో ఉంది?"

ఆయన ట్యాబులో కిందకీ పైకీ వెతికాడు.

"అలాంటిది ఇప్పుడెవరూ తీయించుకోవట్లేదు సార్. కావాలంటే యాడ్-ఆన్ కింద ఇస్తాను. మా కొత్తగా చేరిన కుర్రాణ్ణి పంపుతాను."

"ఎంతవుతుంది?"

"డబ్బుదేముంది సార్," అన్నాడు జాలిగా, "ప్లాటినం తీసుకోండి, అది ఫ్రీ."