మొప్పలెత్తి చూశారా?

యానాంలో పులస కొనే మనిషిని చూడాలండి. మొప్పలెత్తి చూస్తాడు, పొట్ట నొక్కి చూస్తాడు. ఇది ధవళేశ్వరం వైపు ఎదురీదిన సరుకా, ఒడిశా నుంచి ఐసుపెట్టెలో దిగిన ఇలసా అని అరగంట తగువాడతాడు. వేలల్లో పలికే చేప మరి. అదే మనిషి అయిదేళ్ల ఎమ్మెల్యే దగ్గరికొచ్చేసరికి ఒకే ఒక్క ప్రశ్న అడుగుతాడు: "మనోడేనా?"

ఏ లెక్కన మనోడో ఇక్కడ రాయక్కర్లేదు. పోనీ ఆ లెక్కయినా నిలకడగా ఉందా? 2009లో చిరంజీవి గారు సొంత జిల్లా అని పాలకొల్లులో నిలబడితే మనం ఓడించాం, తిరుపతి వాళ్లు గెలిపించారు. 2019లో భీమవరంలో ఓడే వంతు తమ్ముడు పవన్ కల్యాణ్ గారిది. అదే తమ్ముడికి 2024లో పిఠాపురం 70 వేల పైచిలుకు మెజారిటీ ఇచ్చింది. అయిదేళ్లలో ఏం మారిందయ్యా అంటే "ఆయ్, గాలండీ!" అంటారు.

ఆ గాలి లెక్కా చూద్దాం. పశ్చిమ గోదావరిలో 2014లో 15కి 15 టీడీపీ, బీజేపీలవే. 2019లో 13 వైసీపీకి. 2024లో ఉభయ గోదావరి జిల్లాల 34 సీట్లూ టీడీపీ కూటమికే. అంటే యోగ్యులంతా అయిదేళ్లకోసారి కూడబలుక్కుని పార్టీ మారుతున్నారన్నమాట. కొందరు నిజంగానే మారారు లెండి. 2019లో జనసేనకు రాష్ట్రం మొత్తమ్మీద దక్కిన ఒకే ఒక్క ఎమ్మెల్యే, రాజోలు రాపాక వరప్రసాద్ గారు, 2024లో అమలాపురం వైసీపీ ఎంపీ అభ్యర్థి. నరసాపురం వైసీపీ ఎంపీగా గెలిచిన రఘురామకృష్ణరాజు గారు ఇప్పుడు ఉండి టీడీపీ ఎమ్మెల్యే. ఈయనది మాత్రం ఎదురీతే, సీఐడీ అరెస్టు దాకా వెళ్లింది. మాట మీద నిలబడ్డవాళ్లూ లేకపోలేదు. పవన్‌ను ఓడించలేకపోతే పేరు మార్చుకుంటానన్న ముద్రగడ పద్మనాభం గారు చెప్పినట్టే పద్మనాభరెడ్డి అయ్యారు. ఇంత కచ్చితంగా అమలైన ఎన్నికల హామీ నాకింకోటి గుర్తురావడం లేదు.

మొప్పలెత్తి చూసే వీలు మనకు లేదా? ఉంది. 2002లో సుప్రీంకోర్టు ఇప్పించిన వరం అది. నామినేషన్‌తో ఇచ్చే ఫారం 26 అఫిడవిట్లో కేసులు, ఆస్తులు, అప్పులు, చదువు అన్నీ ప్రమాణం చేసి రాయాలి. ఎన్నికల సంఘం వెబ్‌సైట్లో ఎవరైనా చదువుకోవచ్చు. కేసులున్నవాళ్లు ఆ సంగతి పేపర్లో మూడుసార్లు వేయించుకోవాలి కూడా. ఆ ప్రకటన మన చేతికొచ్చేది బజ్జీల పొట్లంగానే.

ఈసారికి ఒక పని చేయండి. మళ్లీ పోటీకి దిగిన అభ్యర్థివే పాత అఫిడవిట్, కొత్త అఫిడవిట్ పక్కపక్కన పెట్టుకుని ఆస్తుల వరస చూడండి. ప్రచారానికి ఇంటికొచ్చినప్పుడు కూర్చోబెట్టి, టీ ఇచ్చి, "ఇంత ఎలా పెరిగిందండీ?" అని అడగండి. మర్యాదకు లోటు రానివ్వొద్దు. ఆయన నోరు విప్పేలోగా వెనకున్నవాళ్లు డప్పులు మొదలెడితే, అసెంబ్లీ అభ్యర్థికి ఖర్చు పరిమితి 40 లక్షలే కదా, ఈ డప్పులు అందులో ఏ పద్దు కింద రాశారో కూడా అడిగేయండి.