పది గంటల ప్రళయము

రేపు ఉదయము పది గంటలకు ప్రళయము సంభవించును గాన ప్రజలు కంగారు పడవలదనియు, పదకొండున్నరకు అది ముగియును గాన ఎవరి పనులకు వారు పోవచ్చుననియు, పిమ్మట పెద్దల ప్రసంగములును ఫలహారములును ఉండుననియు ముందుగా చాటింపు వేయించుకొని విచ్చేయు విపత్తును మాక్‌డ్రిల్ అందురు. బందరు, గుడివాడ, దివిసీమ ప్రాంతములలో పుట్టి పెరిగిన మావంటివారికి ఇంత మర్యాద తెలిసిన విపత్తుతో పరిచయము తక్కువ. 1864 నవంబరు 1న బందరును ముంచి ముప్పదివేలమందిని పొట్టన బెట్టుకొన్న ఉప్పెన ఎవరికిని తాఖీదు పంపలేదు. 1977 నవంబరు 19న దివిసీమపై విరుచుకుపడిన కెరటము, హంసలదీవిలో గాని నాగాయలంక దిక్కున గాని, మీకు ఏ వేళ అనుకూలమని అడుగలేదు. 2024 సెప్టెంబరులో గండ్లు పడి బెజవాడ సింగునగరును ముంచిన బుడమేరు, తీరిక చూచుకొని దిగువకు నడచి వచ్చి, మా నందివాడ మండలమున చేపల చెరువులకును వరిచేలకును నడుమ తరతరాలుగా నలుగుచున్న గట్టు తగవులన్నింటిని ఒక్క దెబ్బతో తీర్చివేసినది గాని, ఫలహారముల మాట ఎత్తలేదు.

ఈ సీమలోనే ఒకానొక కాలువ రేవున నేను కన్నులార చూచిన వరద డ్రిల్‌లో, నీట మునుగవలసినవాడు గట్టున చెప్పులు విడిచి, చేతిగడియారము విప్పి తోడివానికిచ్చి, సున్నముతో గుర్తు పెట్టిన మెట్టుదాక నెమ్మదిగా దిగి, ఈల వినబడగానే మునిగెను. రక్షకదళము వానిని పైకి లాగెను. ఫోటో సరిగా రాలేదని తెలియగానే వాడు మరల దిగి, మునుపటికంటె దయనీయముగా మునిగెను. గుడివాడ పందిళ్ళలో పద్యనాటకములు చూచి పెరిగిన నాకు ఇది వింత గాదు. చచ్చిపడిన అభిమన్యుడు వన్స్‌మోర్ కేకలకు లేచి, మీసము దువ్వి, పద్యము తిరిగి ఎత్తుకొని, మరల చచ్చుట మావారికి అలవాటే. అయితే ఆ నాటకము చూచి ఇల్లు చేరినవారెవ్వరును కురుక్షేత్ర సంగ్రామము విజయవంతముగా ముగిసినదని పైకి నివేదిక పంపలేదు.

ఈ కళ పరాకాష్ఠ నందుకొన్నది అణువిద్యుత్ కేంద్రములయందు. తెలుగునేలపై అట్టి కేంద్రము నేటికి లేకపోయినను, దక్షిణమున కల్పాక్కము, పడమట కైగా ఉన్నవి. శ్రీకాకుళము జిల్లా రణస్థలము మండలమున, కొవ్వాడ కడలి యొడ్డున, ఒక్కొక్కటి 1208 మెగావాట్ల రియాక్టర్లు ఆరు కట్టదలచినారు గనుక, రేపో మాపో మనకును ఈ నాటకమునకు టిక్కెట్టు దొరకకపోదు. కేంద్రములోపలనే అణగిపోవు ఆపదకు మూడు నెలలకొకమారు, ఆవరణమంతయు వ్యాపించు ఆపదకు ఏడాదికొకమారు, ప్రహరీ దాటి ఊళ్ళమీద పడు ఆపదకు రెండేండ్లకొకమారు అభ్యాసము జరుపవలెనని నియమము. మొదటి రెండింటికి కేంద్రపు యాజమాన్యము కర్త. మూడవదానికి జిల్లా కలెక్టరు. పదునారు కిలోమీటర్ల వలయములోని జనులను తలుపులు బిగించుకొని ఇండ్లలో నుండుమనుట, అయోడిన్ మాత్రలు పంచుట, తప్పనిసరియైనచో బస్సులెక్కించి గాలివాలుకు ఎడముగా తరలించుట, ఇది కార్యక్రమము. ఆ మాత్ర మహిమ యంతయు వేళలో ఉన్నది. విషపు అయోడిన్ ఒంటబట్టకమునుపే మంచి అయోడినుతో కంఠగ్రంథిని నింపివేసిననే అది రక్షించును. పొద్దుపోయిన పిమ్మట మ్రింగినది సున్నపు బిళ్ళతో సమానము. కావున సైరను ఊరి చివరి యింట వినబడెనా, కడపటి ముసలమ్మకు మాత్ర ఎన్ని నిమిషములకు చేరెను అనునవే అభ్యాసమున తేలవలసిన సంగతులు. డ్రిల్ మరునాటి పత్రికా ప్రకటనలలో నేనెన్నడును ఆ ముసలమ్మను చూడలేదు. వేదికపై ఎవరి ప్రక్కన ఎవరు కూర్చుండిరో మాత్రము పొల్లుపోకుండ చూచినాను.

ఇక తీర్పరి సంగతి. 1983 నవంబరు 15న ఏర్పడిన అణుశక్తి నియంత్రణ మండలి ఈ అభ్యాసముల బాగోగులు చూడవలసిన సంస్థ. 2012 నాటికి ఆ మండలి జవాబు చెప్పుకొనవలసియుండినది అణుశక్తి సంఘమునకు. ఆ సంఘాధ్యక్షుడే అణుశక్తి శాఖకు కార్యదర్శి. విద్యుత్ కేంద్రములు నడుపు కార్పొరేషను ఆ శాఖ క్రిందిదే. మామగారి కొట్టులో గుమాస్తాగా నున్న అల్లుడు మామగారి తూకపు రాళ్ళను తనిఖీ చేయుట యనిన ఇదియే. ఈ ఏర్పాటుపై 2012లో కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ పార్లమెంటునకు సమర్పించిన నివేదికను చూచి, హాస్యము వ్రాయుదుమని చెప్పుకొను మాబోంట్లు సిగ్గుపడవలెను. ప్రహరీ వెలుపల జరిపిన అభ్యాసములే సన్నద్ధత చాలదని బయటపెట్టినవనియు, దిద్దుబాట్లు సూచించుటయే గాని వానిని అమలు జరిపించు అధికారము మండలికి లేదనియు అందు వ్రాసినారు. 1983లో ప్రభుత్వము సిద్ధము చేయుమన్న రేడియోధార్మిక భద్రతా విధానము అప్పటికిని సిద్ధము గాలేదట. నియమము మీరినవారికి అప్పటి గరిష్ఠ జరిమానా ఐదువందల రూపాయలు. ఆ సొమ్మునకు మా గుడివాడ వైపు చేపల బజారులో ఒక మోస్తరు కొర్రమేను వచ్చునో రాదో, బేరమాడి చూడవలసి యుండును. స్వతంత్రాధికారము గల సంస్థ నేర్పరచుటకై 2011లో ప్రవేశపెట్టిన బిల్లు 2014లో లోక్‌సభతోపాటు మురిగిపోయినది.

లోపములు బయటపడుటకే గదా అభ్యాసమని వాదించువారు కలరు. ఒప్పుకొంటిమి. బయటపడినదానిని పిమ్మట ఏమి చేసితిరని గదా మా ప్రశ్న! ఫుకుషిమా కేంద్రమునకు ఐదు కిలోమీటర్ల దూరమున, ఒకుమా పట్టణమున, ఆపద్వేళ ఆజ్ఞలిచ్చుటకై జపానువారు ఒక భవనము కట్టుకొనిరి. రేడియోధార్మిక ధూళిని ఆపు వడపోతలు దానికి లేవని 2009లో వారి ప్రభుత్వశాఖయే హెచ్చరించినను ఎవరును అమర్చలేదు. 2011 మార్చిలో అసలు ఆపద వచ్చి కూర్చున్నపుడు, కరెంటు పోయి, రేడియోధార్మికత పెరిగి, ప్రజలను తరలింపవలసినవారే మూటాముల్లె సర్దుకొని తరలిపోయిరి. అంత దూరమేల? 2020 మే 7 తెల్లవారుజామున విశాఖలో ఎల్.జి. పాలిమర్స్ నుండి స్టైరీన్ వాయువు వెంకటాపురముపై బడి పన్నెండుమందిని బలిగొన్నపుడు, ఆ కర్మాగారమున సైరను మ్రోగించు మీటలు ముప్పదియారు చోట్ల ఉండెననియు, అందొకటి వీధి వాకిటనే ఉండెననియు, ఏదియు ఎవరును నొక్కలేదనియు ఉన్నతాధికార సంఘము తేల్చినది. కర్మాగారములోపల ఆరు నెలలకొకమారు డ్రిల్ జరుపవలెనని ప్రమాదకర రసాయనముల నియమములలో వ్రాసియే ఉన్నది. ఆ వ్రాత దస్త్రమున భద్రముగా నుండెను. ఊరిజనము మురుగు కాలువల ప్రక్కన పడియుండిరి.

కొవ్వాడకు అభ్యాసము వచ్చు దినమునకై ఏలినవారికి నాదొక మనవి. దానిని సంక్రాంతి ముందరి కమ్మని ఎండలో, పది గంటలకు పెట్టవలదు. కార్తీకమాసపు ముసురులో, అర్ధరాత్రి వేళ, కరెంటు తీసి, సెల్‌టవర్లు ఆపి, కలెక్టరునకు సైతము చెప్పకుండ పెట్టుడు. తీర్పు చెప్పవచ్చువారు ఆ శాఖ ఉప్పు తినువారు గాకుండ చూడుడు. ఎవరు ఎన్ని నిమిషములకు వచ్చిరో, ఎవరు రానే లేదో, కనబడిన లోపమును ఏ తేదీలోపల సరిచేయుదురో తెలుగులో వ్రాసి పంచాయతీ కచేరీ గోడకు అతికింపుడు. ఆ తేదీ దాటినను సరికాకున్నచో రియాక్టరు నాపించు అధికారము ఆ తీర్పరి చేతికిచ్చి చూడుడు. ఫలహారములు చూడవచ్చిన మేమే తెచ్చుకొందుము.